గ్రీకుల సముద్ర దేవతలు: సమాధి మీద నీరీడ్‌లకు ఏం పని?

తీరవాసి

అందరికీ నమస్కారం. ఈమధ్య లండన్ బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు చూద్దామని వెళ్ళాను. అవి 33ఎ గదిలో ఉన్నాయి. అక్కడికి వెళ్ళేలోపు 17వ గదిలో ఆగిపోయాను. ఒక గుడి ముఖభాగాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టారు. ఎత్తైన అరుగు, దాని మీద స్తంభాలు, స్తంభాల మధ్య ఆడవాళ్ళ విగ్రహాలు. చాలావాటికి తలల్లేవు, చేతుల్లేవు. అయినా వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. ఎదురుగాలికి బట్ట పొట్టకీ తొడలకీ అతుక్కుపోయింది, వెనక మాత్రం తెరచాపలా ఉబ్బింది. ఒకామె పాదాల కింద డాల్ఫిన్, ఇంకొకామె కింద నీటిపక్షి. అంటే వీళ్ళు నేల మీద లేరు, అలల మీద పరుగెడుతున్నారు.

దాని పేరు నీరీడ్ స్మారకం. ఇప్పటి టర్కీ దక్షిణాన ఉన్న లిసియాలో జాంథోస్ అనే నగరానిది. క్రీ.పూ. 390-380 ప్రాంతంలో కట్టారు. 1840ల్లో చార్ల్స్ ఫెలోస్ తవ్వించి ఓడలకెత్తించాడు. చూడ్డానికి గుడే గానీ నిజానికి సమాధి. అర్బినస్ అనే అక్కడి పాలకుడిదని పండితులు అంటున్నారు.

సమాధి మీద సముద్రకన్యలెందుకు? పైగా జాంథోస్ సముద్రపు ఒడ్డున కూడా లేదు, నది పక్కన కాస్త లోపలికి ఉంది. గ్రీకు పురాణాలు బాగా చదివినవాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా. అసలు ఈ సముద్ర దేవతలు ఎవరు, ఎంతమంది, వాళ్ళ కథేమిటో చెప్పండి.

మట్టిపాత్ర

తీరవాసి గారూ, మంచి చోట ఆగారు.

ముందు వంశం చెప్పేస్తాను. భూమిని చుట్టి పారే మహానది ఓషియనస్. అతని భార్య టెథిస్. వాళ్ళకు 3000 మంది కూతుళ్ళని పాత గ్రీకు కవి హెసియడ్ రాశాడు. ఆ కూతుళ్ళలో ఒకామె డోరిస్. ఆమెకూ, అబద్ధమాడని ముసలి సముద్రదేవుడు నీరియస్‌కూ పుట్టిన 50 మంది కూతుళ్ళే నీరీడ్‌లు. ఇలియడ్ 18వ సర్గలో హోమర్ వాళ్ళలో ముప్ఫై మందికి పైగా పేర్లు పెట్టి మరీ పిలిచాడు. ఎక్కువ కథలున్నవాళ్ళు ముగ్గురు: సముద్రాల రాజు పొసైడన్ భార్య యాంఫిట్రైటీ, ట్రాయ్ యుద్ధవీరుడు అకిలీస్ తల్లి థెటిస్, ఒంటికన్ను పాలిఫీమస్ మోజుపడ్డ గలాటియా.

వీళ్ళు పొసైడన్‌లాంటి వాళ్ళు కాదు. అతను త్రిశూలం ఎత్తితే తుఫాను, భూకంపం. హెసియడ్ లెక్కలో నీరీడ్‌లు రేగిన అలల్ని సుళువుగా సర్దుమణిగేలా చేస్తారు. మీ ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. రాత్రికి వివరంగా రాస్తాను.

రాళ్ళబాబు

ఒక్క మాట అందుకుంటాను. టెథిస్ వేరు, థెటిస్ వేరు. మొదటామె అమ్మమ్మ, రెండోమె మనవరాలు. తెలుగు వ్యాసాల్లో ఇద్దర్నీ తరచూ కలిపేస్తున్నారు.

అమ్మమ్మ పేరు భూగర్భశాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలుసు. గోండ్వానా ఖండానికీ యూరేషియాకీ మధ్య ఒకప్పుడున్న మహాసముద్రానికి 1893లో ఎడ్వర్డ్ స్యూస్ పెట్టిన పేరు టెథిస్. భారత ఫలకం వెళ్ళి యూరేషియాను ఢీకొన్నప్పుడు దాని అడుగున పేరుకున్న మట్టి మడతలు పడి హిమాలయాల్లో భాగమైంది. అందుకే అంత ఎత్తున సున్నపురాళ్ళలో సముద్రజీవుల శిలాజాలు దొరుకుతున్నాయి.

బొమ్మల్లో ఆమెను పట్టుకోవడం తేలిక. టర్కీలోని జ్యూగ్మాలో దొరికిన మొజాయిక్‌లు ఇప్పుడు గాజియాంటెప్ మ్యూజియంలో ఉన్నాయి. అందులో ఓషియనస్ తల మీద పీతకొమ్ములు ఉంటాయి, టెథిస్ నుదుటి మీద రెండు చిన్న రెక్కలు ఉంటాయి.

మట్టిపాత్ర

ఇక థెటిస్ దగ్గరికి వస్తాను. నా దృష్టిలో గ్రీకు సముద్రకథలకు ప్రాణం ఆమే.

జ్యూస్, పొసైడన్ ఇద్దరూ ఆమెను కోరారు. ఈమెకు పుట్టేవాడు తండ్రిని మించిపోతాడని ధర్మదేవత థెమిస్ జోస్యం చెప్పిందని కవి పిండార్ రాశాడు. అంతే, దేవుళ్ళిద్దరూ వెనక్కి తగ్గారు. ఆమెను ఒక మనిషికి, పీలియస్‌కు, కట్టబెట్టారు. ఆమె ఒప్పుకోలేదు. పట్టుకోబోతే నిప్పైంది, నీళ్ళైంది, సింహమైంది, పామైంది. అతను వదల్లేదు. బెర్లిన్‌లో పైథినోస్ గీసిన గిన్నె ఒకటుంది, క్రీ.పూ. 500 నాటిది. పీలియస్ ఆమె నడుము చుట్టూ చేతులు బిగించాడు. రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూరి తాళం వేసినట్టున్నాయి. చుట్టూ చిన్న సింహం, పాములు. రూపాలు మారడాన్ని బొమ్మలో ఎలా చూపించాలి? ఒకే క్షణంలో అన్నీ పక్కపక్కనే పెట్టేశాడు. ఆమె ముఖం మాత్రం నిబ్బరంగా ఉంది.

పెళ్ళి చూడాలంటే ఫ్లోరెన్స్ పురావస్తు మ్యూజియంలోని ఫ్రాంస్వా కలశం చూడాలి. క్రీ.పూ. 570 ప్రాంతంలో కుమ్మరి ఎర్గోటిమోస్ చేశాడు, క్లైటియాస్ బొమ్మలేశాడు. 66 సెంటీమీటర్ల ఎత్తు, 200కు పైగా బొమ్మలు, చాలావాటి పక్కన పేర్లు రాసి ఉన్నాయి. 1900లో మ్యూజియం కాపలాదారు కోపంలో స్టూలు విసిరితే 638 ముక్కలైంది, మళ్ళీ అతికారు. కలశం చుట్టూ దేవతల ఊరేగింపు పెళ్ళింటికి వస్తోంది. పీలియస్ బయట నిలబడి అతిథుల్ని ఆహ్వానిస్తున్నాడు. పెళ్ళికూతురెక్కడ? ఇంటి తలుపు సగం తెరిచి ఉంది, లోపల థెటిస్ కూర్చుని ముసుగు కాస్త పక్కకు పట్టుకుంది. అంత ఊరేగింపులో ఆమెకు దక్కింది ఆ తలుపు సందే.

ఊరేగింపులో డయోనైసస్ భుజాన ఒక జాడీ మోస్తున్నాడు. మిగతా దేవతలు దాదాపు అందరూ పక్కకు తిరిగి ఉంటే అతను నేరుగా మనవైపు చూస్తాడు. ఒడిస్సీ 24వ సర్గలో అకిలీస్ ఎముకల్ని ఉంచే బంగారు జాడీ డయోనైసస్ ఇచ్చిందేనని ఉంది. పెళ్ళికి తెస్తున్న జాడీ అదేనని చాలామంది పండితుల ఊహ. ఊహ అనుకుని వదిలేద్దామంటే, అదే కలశం పిడుల మీద అకిలీస్ శవాన్ని అజాక్స్ భుజాన వేసుకుని వెళ్తుంటాడు. తల్లి పెళ్ళి, కొడుకు చావు ఒకే మట్టిపాత్ర మీద ఉన్నాయి. ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది.

డిగ్రీవిద్యార్థి

సార్, నేను చదివిన కథలో థెటిస్ బిడ్డను మడమ పట్టుకుని స్టిక్స్ నదిలో ముంచింది, మడమ తడవలేదు, అక్కడే బాణం తగిలి చనిపోయాడు అని ఉంది. హోమర్ కూడా అలాగే చెప్పాడా?

మట్టిపాత్ర

లేదు బాబూ. హోమర్‌లో ఎక్కడా లేదు. ఇలియడ్ 21వ సర్గలో అకిలీస్ మోచేతికి గాయమై నెత్తురు కూడా వస్తుంది. నదిలో ముంచిన కథ మనకు దొరికేది క్రీ.శ. 1వ శతాబ్దంలో లాటిన్‌లో రాసిన స్టేషియస్ దగ్గర. అంతకు మునుపటి గ్రీకు కథ వేరు. అపొలోనియస్ (క్రీ.పూ. 3వ శతాబ్దం) చెప్పింది ఇదీ: థెటిస్ రోజూ రాత్రి బిడ్డను నిప్పుల్లో పెట్టేది, ఒంట్లో చావుకు లొంగే భాగాన్ని కాల్చేయడానికి. పగలు అమృతం పూసేది. ఒక రాత్రి పీలియస్ చూసి కేక పెట్టాడు. ఆమె బిడ్డను కింద పడేసి, గాలిలా పోయి సముద్రంలో దూకేసింది. మళ్ళీ తిరిగి రాలేదు.

పద్యప్రియ

ఇది చదువుతుంటే నాకు మన ఆదిపర్వం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? గంగ, శంతనుడు! నీటి దేవత మనిషిని పెళ్ళాడటం, పుట్టిన బిడ్డల్ని నీళ్ళలో విడిచేయడం, ఎనిమిదో బిడ్డ దగ్గర భర్త అడ్డుపడటం, ఆమె వెళ్ళిపోవడం. నన్నయగారి దగ్గర చదివినవాళ్ళెవరికైనా థెటిస్ తెలిసిన మనిషిలాగే కనిపిస్తుంది.

పోలిక అక్కడితో ఆగదు. అనుశాసనిక పర్వం చివర భీష్ముడికి తర్పణాలు వదులుతుంటే గంగ నీళ్ళలోంచి పైకి లేచి ఏడుస్తుంది. పరశురాముడికే లొంగని నా కొడుకు శిఖండి చేతిలో పోయాడా అని. కృష్ణుడూ వ్యాసుడూ ఓదారుస్తారు. మట్టిపాత్ర గారూ, థెటిస్ కూడా కొడుకు చావుకు నీళ్ళలోంచి వస్తుందా?

మట్టిపాత్ర

వస్తుందమ్మా. ఒడిస్సీ 24లోనే ఉంది. నీరీడ్‌లందర్నీ వెంటబెట్టుకుని వస్తుంది. సముద్రం మీదుగా వచ్చిన ఆ ఏడుపు విని గ్రీకు సైనికులు వణికిపోయి ఓడల్లోకి పారిపోబోతే ముసలి నెస్టర్ ఆపాడు: భయపడకండి, అతని తల్లి వస్తోంది అని.

మీరన్న మొదటి పోలిక కూడా ఇంకా దగ్గరగా ఉంది. హెసియడ్ పేరు మీద చలామణి అయిన 'ఏజిమియస్' అనే పాత కావ్యంలో, చావుంటుందో లేదో చూద్దామని థెటిస్ తన బిడ్డల్ని ఒకరి తర్వాత ఒకర్ని నీళ్ళ కాగులో వేసిందట. చాలామంది పోయాక అకిలీస్ దగ్గర పీలియస్ అడ్డుపడ్డాడు. ఆ కావ్యం మిగల్లేదు, పాత వ్యాఖ్యానాల్లో ఈ ముక్క మిగిలింది.

పద్యప్రియ

ఒళ్ళు జలదరించింది. అయితే తేడా కూడా పెద్దదే. గంగకు ముందే తెలుసు, వాళ్ళు శాపం తగిలిన వసువులు, త్వరగా పోవడమే వాళ్ళకు విడుదల. ఆమెది ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం. థెటిస్‌ది ఒప్పుకోలేని తల్లి పోరాటం. భీష్ముడికి ఇచ్ఛామరణం దక్కింది, అకిలీస్‌కు అదీ లేదు.

నిక్కచ్చి

చర్చ బాగుంది గానీ ఒక అభ్యంతరం. మట్టిపాత్ర గారు వీళ్ళను మరీ కరుణామూర్తులుగా చూపిస్తున్నారు. నా కూతురు నీరీడ్‌ల కంటే అందగత్తె అని కాసియోపియా ఒక్క మాట అన్నందుకు (ఇంకొందరి కథనంలో తానే అందగత్తెనంది) నీరీడ్‌లకు కోపం వచ్చింది. పొసైడన్ వాళ్ళ తరఫున వరదనూ కీటోస్ అనే సముద్రభూతాన్నీ పంపాడు. తల్లి మాటకు పాపం ఆండ్రొమెడాను రాతికి కట్టేశారు. ఇది కరుణా?

స్కిల్లా సంగతేమిటి? హోమర్ ఆమెకు పన్నెండు కాళ్ళు, ఆరు తలలు, ఒక్కో నోట్లో మూడు వరసల పళ్ళు పెట్టాడు. ఒడిస్సియస్ ఓడలోంచి ఆరుగురిని ఎత్తుకుపోయింది. అయితే కుండల మీద, మట్టిపలకల మీద అలా గీయలేదు. క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి పైన అందమైన అమ్మాయి, నడుం దగ్గర కుక్కల తలలు, కింద చేపతోక. సిసిలీలోని అక్రాగాస్ నాణెం మీద పీత కింద ఈదుతూ ఉంటుంది. సముద్రంలోని ఆడదేవతలంటే గ్రీకులకు భయం కూడా ఉండేది, అది మర్చిపోవద్దు.

మొదటి ప్రశ్నకు నా జవాబు ఇంకా నేల మీద ఉంటుంది. జాంథోస్ గ్రీకు ఊరు కాదు, లిసియన్ల ఊరు. పక్కనే లీటోఆన్ క్షేత్రంలో 1973లో మూడు భాషల శాసనం దొరికింది: గ్రీకు, లిసియన్, అరమాయిక్. గ్రీకులో నింఫ్‌లు అని ఉన్న చోట లిసియన్‌లో ఎలియానా అని ఉంది. వాళ్ళు అక్కడి నీటిదేవతలు. సమాధి మీది విగ్రహాలు కూడా వాళ్ళవే కావచ్చునని కొందరి వాదన. గ్రీకు శిల్పశైలి తీసుకున్నారు, దేవతలు సొంతవాళ్ళే. నీరీడ్ స్మారకం అనేది మనకాలం వాళ్ళు పెట్టిన పేరు.

ఓడసరంగు

ఉద్యోగరీత్యా ఏజియన్ సముద్రంలో తిరిగినవాణ్ణి, ఈ చర్చ వదల్లేకపోతున్నాను. నిక్కచ్చి గారన్న భయం నిజమే, అయితే ఆ భయంలోనే భక్తి కూడా ఉంది. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన సంగతి చూడండి. క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్క్సీస్ నౌకాదళం గ్రీసు మీదికి వస్తూ సెపియాస్ అగ్రం దగ్గర తుఫానులో చిక్కింది. తక్కువలో తక్కువ 400 ఓడలు పోయాయని హెరొడోటస్ లెక్క. తుఫాను మూడు రోజులు ఆగలేదు. పర్షియన్ పూజారులు ఎవరికి మొక్కారో తెలుసా? థెటిస్‌కూ నీరీడ్‌లకూ. పీలియస్ థెటిస్‌ను ఎత్తుకుపోయింది ఇక్కడి నుంచే, ఈ తీరమంతా ఆమెది, ఆమె అక్కచెల్లెళ్ళది అని అయోనియన్లు వాళ్ళకు చెప్పారు. నాలుగో రోజు గాలి ఆగింది. లేకపోతే దానంతట అదే ఆగి ఉండొచ్చు అని కూడా హెరొడోటస్ నిజాయితీగా రాశాడు.

శత్రుదేశపు దేవత అని చూడలేదు. ఆ నీళ్ళు ఎవరివో వాళ్ళకే మొక్కారు. సముద్రం మీద బతికేవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది.

తర్వాత క్రీ.పూ. 334లో అలెగ్జాండర్ హెల్లెస్పాంట్ దాటుతూ నడిమధ్యలో పొసైడన్‌కు ఎద్దును బలిచ్చి, నీరీడ్‌లకు బంగారు గిన్నెతో ధార పోశాడని చరిత్రకారుడు అరియన్ రాశాడు.

మట్టిపాత్ర

నిక్కచ్చి గారి ఆండ్రొమెడా అభ్యంతరం న్యాయమైందే. కానీ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వరస కనిపిస్తుంది, దాన్ని కాదనలేం.

ఆకాశం నుంచి కిందికి విసిరేసిన కమ్మరి దేవుడు హెఫెస్టస్‌ను పట్టుకున్నది ఎవరు? థెటిస్, యూరినోమీ. తొమ్మిదేళ్ళు గుహలో దాచారు. లైకర్గస్ అనే రాజు తరిమితే డయోనైసస్ దూకింది థెటిస్ ఒడిలోకి. దేవతలంతా కుట్రచేసి జ్యూస్‌ను కట్టేయబోతే నూరుచేతుల బ్రియారియస్‌ను పిలుచుకొచ్చి కాపాడింది కూడా ఆమే. అకిలీస్ కవచం పోగొట్టుకుంటే హెఫెస్టస్ దగ్గరికి వెళ్ళి కొత్తది చేయించి తెచ్చింది. తెప్ప విరిగి మునిగిపోతున్న ఒడిస్సియస్‌కు సముద్రపక్షి రూపంలో వచ్చి తన ముసుగు విప్పి ఇచ్చింది ల్యూకోథియా. దాన్ని రొమ్ముకింద కట్టుకుని ఈదు, ఒడ్డు తగలగానే ముఖం పక్కకు తిప్పి నీళ్ళలోకి విసిరెయ్ అంది.

ఇక ఏథెన్స్ వీరుడు థీసియస్. క్రీట్ రాజు మైనాస్ ఉంగరం సముద్రంలో విసిరి, నువ్వు పొసైడన్ కొడుకువైతే తెచ్చి చూపించు అన్నాడు. థీసియస్ దూకాడు. ఈ పాట బాకిలిడీస్‌ది. అతని పాటలు ఈజిప్టు పపైరస్‌లో దొరికి 1897లో అచ్చయ్యాయి. అడుగున కుర్రవాడికి ఊదారంగు వస్త్రం కప్పి, తన పెళ్ళికి అఫ్రొడైటీ ఇచ్చిన గులాబీల దండ తలకు పెట్టింది తండ్రి కాదు, యాంఫిట్రైటీ. సవతి తల్లి! లూవ్ర్‌లో ఈ ఘట్టం ఉన్న గిన్నె ఉంది, యూఫ్రోనియోస్ చేసింది, బొమ్మ ఒనేసిమోస్‌దని అంటారు. సుమారు క్రీ.పూ. 500-490. నడుమ ఎథీనా నిలబడి ఉంది. కుడివైపు యాంఫిట్రైటీ కూర్చుని చెయ్యి చాస్తోంది. సన్నటి కుర్రవాడు థీసియస్ కూడా చెయ్యి చాస్తున్నాడు, చేపతోక ఉన్న బుజ్జి ట్రైటాన్ అతని పాదాల్ని అరచేతుల మీద మోస్తున్నాడు. చుట్టూ డాల్ఫిన్‌లు. పొసైడన్ ఆ బొమ్మలోనే లేడు.

పైనుంచి పడ్డవాణ్ణి పట్టుకోవడం, ఒంటి మీదకి ఏదో ఒకటి ఇచ్చి పంపడం, ఇది వీళ్ళ పని. వస్త్రం, ముసుగు, కవచం. కాబట్టే సమాధి మీద వీళ్ళున్నారని నేనంటాను. క్రీ.పూ. 4వ శతాబ్దానికి నీరీడ్‌లు సముద్రగుర్రాల మీద అకిలీస్ ఆయుధాలు మోసుకెళ్ళడం ఇళ్ళ నేలల మీదకు కూడా వచ్చింది. ఒలింథస్‌లో గులకరాళ్ళ మొజాయిక్ ఉంది. ఆ ఊరిని క్రీ.పూ. 348లో మాసిడోనియా రాజు ఫిలిప్ నేలమట్టం చేశాడు, అంటే మొజాయిక్ అంతకు ముందుదే. కొడుకును చితి మీంచి ఎత్తుకుని నల్లసముద్రంలోని తెల్లదీవికి థెటిస్ చేర్చిందని ఇంకో పాత కావ్యం చెప్పింది. చనిపోయిన వీరుణ్ణి అవతలి ఒడ్డుకు చేర్చే వాళ్ళు సమాధి స్తంభాల మధ్య పరుగెడితే ఆశ్చర్యమేముంది? వాళ్ళను లిసియన్లు ఎలియానా అని పిలిచినా సరే.

నిక్కచ్చి

ఈ వాదన బలంగా ఉంది. కానీ ల్యూకోథియాను తలచారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఆమె పుట్టుకతో దేవత కాదు. కాడ్మస్ కూతురు ఇనో, పిచ్చెక్కిన భర్త నుంచి పారిపోతూ బిడ్డతో సముద్రంలో దూకిన మనిషి. దేవత అయింది. బిడ్డ మెలికర్టీస్ శవాన్ని డాల్ఫిన్ ఒడ్డుకు చేర్చిందనీ, కొరింథ్ దగ్గర ఇస్థ్మియన్ క్రీడలు అతని జ్ఞాపకార్థమేననీ చెప్పుకునేవారు.

అందుకే ఎలియా జనం ఆమెకు బలి ఇవ్వాలా, ఆమె కోసం ఏడవాలా అని తత్వవేత్త జెనొఫేనిస్‌ను అడిగారు. దేవత అనుకుంటే ఏడవకండి, మనిషి అనుకుంటే బలి ఇవ్వకండి అన్నాడతను. అరిస్టాటిల్ ఈ సంగతి రాసిపెట్టాడు. తర్కం సరైనదే. అయినా ఆ జనం అడిగిన ప్రశ్నే నాకు ఎక్కువ నచ్చుతుంది. మునిగిపోయినవాళ్ళు ఉన్న ప్రతి ఊళ్ళోనూ రెండూ ఒకేసారి చేయాలనిపిస్తుంది.

ఓడసరంగు

నిజం. పద్యప్రియ గారన్న గంగ కూడా అంతే కదా, ఆమెకు మొక్కుతాం, ఆమెతో పాటు భీష్ముడికీ ఏడుస్తాం.

తీరవాసి

అడిగినదానికంటే ఎంతో దొరికింది, అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి. క్రైస్తవం వచ్చాక వీళ్ళు ఏమయ్యారు? తూర్పుకు, మన వైపుకు ఏమైనా వచ్చారా?

రాళ్ళబాబు

చర్చిలోకే వెళ్ళారు. జోర్డాన్‌లోని మదబాలో అపొస్తలుల చర్చి నేల మీద, 578 నాటి మొజాయిక్‌లో, థలాసా అని పేరు రాసి మరీ సముద్రదేవి బొమ్మ ఉంది. నీళ్ళలోంచి పైకి లేస్తూ, చుట్టూ చేపలు. గ్రీసు పల్లెల్లో నెరైడ అనే మాట ఇప్పటికీ ఉంది. కాకపోతే అర్థం సముద్రాన్ని దాటి బావులకూ వాగులకూ అడవులకూ పాకింది, మోహినిలాంటి వాళ్ళందరినీ అలాగే అంటారు.

మట్టిపాత్ర

తూర్పుకు కూడా వచ్చారు. తక్షశిలలోని సిర్కప్ తవ్వకాల్లో, గాంధార ప్రాంతంలో మరికొన్ని చోట్లా అరచేయంత గుండ్రటి రాతిపళ్ళేలు దొరికాయి. క్రీ.పూ. 2 నుంచి క్రీ.శ. 1వ శతాబ్దం మధ్యవి. కొన్నింటి మీద నీరీడ్ కీటోస్ వీపునెక్కి స్వారీ చేస్తోంది, తోక చుట్టలు చుట్టుకుని ఉంది. సుగంధాలు నూరుకోవడానికా, పూజకా అన్నది ఇంకా తేలలేదు. గాంధారశిల్పంలో మెట్ల పక్కన ఇరికించే ముక్కోణపు పలకల మీద కూడా ఆ కీటోస్ దిగింది, అక్కడ మన మకరంతో కలిసిపోయింది. కీటోస్ ముట్టె ఏది, మకరపు మొసలి మూతి ఏది అని చెప్పడం కొన్ని పలకల మీద కష్టం. ఫొటోలు ఉన్నవాళ్ళు పెట్టండి, ఒక్కొక్కటీ చూద్దాం.